చుక్కలు లేని కందిరీగ

కలకత్తా,
4 జూలై 1968

అన్నయ్యకు వేదవతి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. నా కందిరీగే బాగా లేదు. పోయిన వానాకాలంలో యూనివర్సిటీలో జువాలజీ బిల్డింగు కిటికీ మూల పట్టుకుని, సూదికి గుచ్చి, తార్నాకలో మీ బీరువా మీద అన్నాళ్లు కాపాడి, రైల్లో ఒళ్లో పెట్టుకుని ఇక్కడిదాకా తెచ్చిన కందిరీగను చీమలు తినేశాయి. ఈ ఊరి చెమ్మకు పెట్టె మూత ఉబ్బి సందు పడింది. ఈ పొద్దున తెరిచి చూస్తే సూదీ, ఒక రెక్కా మిగిలాయి. ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను.

ఈ పురుగుల సర్వే ఆఫీసులో నా ఉద్యోగం మార్చిదాకానే అని నీకు తెలుసు. మా పెద్దాయన సన్యాల్ గారు పోయిన వారమే పిలిచి ఒక మాట చెప్పారు. దక్కన్ వైపు కందిరీగ ఒక్కదాన్నైనా నేను సరిగ్గా గుర్తుపట్టి, దాని వివరాలు డిసెంబరు బులెటిన్‌కు రాసిస్తే, నన్ను పర్మనెంటు చేయమని ఆయనే సిఫారసు చేస్తారట. నేను గుర్తుపట్టవలసినది చీమల కడుపులో ఉంది. అది పట్టిన రోజుల్లో నాకు చూడటం రాదు. నల్లగా ఉండేది, నడుము దారంలా ఉండేది, మట్టితో చిన్న చిన్న కుండల్లాంటి గదులు కట్టేది అని తప్ప ఏమీ గుర్తులేదు. దేన్ని చూడాలో ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను.

అందుకని అన్నా, నువ్వు ఒకసారి ఆ కిటికీ దగ్గరికి వెళ్లు. గాజుగ్లాసు బోర్లించి ఒకదాన్ని పట్టు. స్పిరిటులో తడిపిన దూది లోపలికి తోస్తే అదే పడిపోతుంది. పౌడరు డబ్బాలో దూది పరిచి పంపు. నీకు ఒక పూట పని.

వదిన కుట్టి ఇచ్చిన దిండు గలీబు చూసి హాస్టల్లో అందరూ మెచ్చుకున్నారని చెప్పు.

నీ చెల్లెలు
వేదవతి


తార్నాక,
13 జూలై 1968

చి. వేదవతికి అన్న ఓబులేసు ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన వేళ స్టూడియోలో కాలు పెట్టే సందు లేదు. అడ్మిషన్ల కాలం. ప్రతివాడికీ అప్లికేషను మీద అంటించడానికి ఫోటో కావాలి, ప్రతివాడికీ కోటు కావాలి. గోడకు తగిలించిన ఆ ఒక్క కోటే అందరి ఒంటి మీదికీ ఎక్కి దిగుతోంది. ఈ ఏడు యూనివర్సిటీలో చేరేవాళ్లంతా అన్నదమ్ముల్లా కనిపిస్తారు.

అయినా సైకిలెక్కి వెళ్లాను. నీ కిటికీ తెల్లగా మెరిసిపోతోంది. సున్నం వేసే సామేలు అక్కడే బకెట్టు కడుగుతున్నాడు. అడిగితే, "గా మట్టిగూళ్లా సార్, నిన్ననే గీకేసిన. ఎవరో పెద్దసార్లు వస్తున్నరంట, గోడలు సాఫ్ ఉండాలె అన్నరు" అన్నాడు. హాస్టళ్ల వరండాలు కూడా చూశాను, అన్నీ తెల్లగానే ఉన్నాయి.

నిరుత్సాహపడకు. అలాంటి గూడే మన ఇంట్లో ఉంది. ముందు గదిలో, మీ వదిన కుట్టుమిషను పక్క కిటికీ చెక్క మీద. నాలుగైదు కుండలు ఒకదానికొకటి అంటించినట్టు ఉంటాయి. అయితే దాన్ని ముట్టుకోవడానికి లేదు. ఎందుకంటే నీకు చెప్పవలసిన కబురు ఒకటుంది. మీ వదినకు మూడో నెల. ఇన్నేళ్లకు. ఇంటావిడ లింగమ్మ గారు ఈ గూడు చూసి ఏమన్నదంటే, "కందిరీగ ఇంట్ల మట్టిల్లు కట్టిందంటే ఆ ఇంట్ల తొట్టెల కడతరు బిడ్డా. దాన్ని ఎవ్వలు ముట్టొద్దు." ఆ మర్నాడే డాక్టరమ్మ ఖాయం చేసింది. ఇక మీ వదిన ఆ కిటికీ రెక్క కూడా మూయనివ్వడం లేదు. జల్లు కొడితే కుట్టే బట్టలు తడుస్తున్నాయి గాని, కిటికీ మూయదు.

అయినా పురుగును చంపి పంపడం ఎందుకు? నేనున్నది ఎందుకు? ఫోటో తీసి పంపుతాను. మనిషి ఎదురుగా లేకుండానే ఫోటో చూసి సంబంధాలు ఖాయం చేసుకుంటున్నారు. కందిరీగ ఎంత?

ఓబులేసు


కలకత్తా,
24 జూలై 1968

అన్నయ్యకు,

వదిన సంగతి చదివి హాస్టలు మేడ మీద ఒక్కదాన్నే గంతులేశాను. ఆమెను బరువులెత్తనివ్వకు. నీళ్లు నువ్వే పట్టు.

ఇక గూడు సంగతి. నాకు కావలసినది గూడు కాదు, దాన్ని కట్టేది. వదినకు నువ్వు నచ్చజెప్పాలి అన్నా, ఫోటో తీస్తానని దాటవేస్తే ఎట్లా? కందిరీగను తిప్పి చూడాలి, కాళ్లు లెక్కపెట్టాలి, భూతద్దం కింద మొహం చూడాలి. సన్యాల్ గారికి నీ ఆలోచన చెబితే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనకు కోపం వస్తే అదే చేస్తారు. తరువాత, "ఏమీ లేనిదానికంటే నయం, తెప్పించు" అన్నారు.

సరే, తీయి. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. వీలైనంత దగ్గరగా. ఏం కనిపించాలో మాత్రం నీకు చెప్పను. చెబితే నువ్వు అదే వెతుకుతావు, ఉన్నా లేకున్నా ఉందంటావు. ఇక్కడ మాకు నేర్పే మొదటి పాఠం ఇది. ఉన్నది ఉన్నట్టు తీసి పంపు.

వేదవతి


తార్నాక,
18 ఆగస్టు 1968

చి. వేదవతికి,

ఇందులో రెండు ఫోటోలున్నాయి. అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను, జాగ్రత్తగా విప్పు.

పెళ్లిళ్లు తీశాను, శవాల పక్కన కూర్చోబెట్టి కుటుంబాలను తీశాను, కాన్వొకేషన్ గౌన్లలో వందల మందిని మెట్ల మీద నిలబెట్టి తీశాను. ఈ కందిరీగంత మొండి గిరాకీని చూడలేదు. కెమెరా తిత్తి చివరిదాకా సాగదీసి, అద్దంతో ఎండను గూటి మీదికి పంపి, నల్లగుడ్డ కప్పుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటే, సరిగ్గా మీట నొక్కే వేళకు మట్టి తేవడానికి ఎగిరిపోతుంది. వచ్చాక వెనక్కి తిరిగి కూర్చుంటుంది. ఫిలిం దొరకడమే గగనంగా ఉంటే ఎన్ని పాడయ్యాయో చెప్పను. బయట గిరాకీలు కోటు వేసుకుని వేచి ఉన్నారు. మీ వదిన మాత్రం మిషను ఆపి నవ్వుతూ కూర్చుంది. "దానికీ కోటు తొడగరాదా" అంది.

చివరికి రెండు కుదిరాయి. నెగటివు చూసినప్పుడు దిగులేసింది గాని, రెండు రోజులు టేబులు ముందు కూర్చుని శుభ్రంగా తయారు చేశాను. ఇంతవరకు నా స్టూడియోలోంచి మచ్చ ఉన్న ఫోటో గడప దాటలేదు. ఇది మా చెల్లెలి పెద్దసారు చూసే ఫోటో. ఆయన ఎవరు తీశారని అడిగితే నా పేరు చెప్పు.

ఓబులేసు


కలకత్తా,
3 సెప్టెంబరు 1968

అన్నయ్యా,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను, కూర్చోబుద్ధి కావడం లేదు.

ఇక్కడ బీరువాల్లో దేశమంతటి కందిరీగలు సొరుగుల నిండా ఉన్నాయి. నీ ఫోటో పట్టుకుని వారం రోజులుగా ఒక్కొక్క సొరుగూ లాగుతున్నాను. మనదాన్ని పోలినవి ఒక సొరుగులో ఉన్నాయి. అదే నలుపు, అదే వాటం. కానీ వాటన్నిటికీ నడుము దాటగానే వీపు మీద రెండు పసుపు చుక్కలుంటాయి. ఒక్కదానికైనా లేకపోవడమన్నది లేదు. మనదానికి లేవు అన్నా. నున్నగా, నల్లగా ఉంది. నడుము కూడా వాటి నడుంకంటే కాస్త లావు.

సన్యాల్ గారికి చూపించాను. భూతద్దం పెట్టి చూశారు, కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశారు. "ఫోటోను నమ్మడం నాకు అలవాటు లేదు. ఇంకొకటి తెప్పించు. అందులోనూ ఇట్లాగే ఉంటే, ఇది ఎవరూ రాయని జాతి కావచ్చు" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం ఎంత పెద్ద సంగతో నీకెట్లా చెప్పను? కొత్త జాతి అయితే దానికి పేరు పెట్టే హక్కు నాది. వదిన పేరు పెడతాను. ఆమె కాపాడిన గూడు కదా.

ఇంకో ఫోటో వెంటనే పంపు. నా బతుకు నీ కెమెరాలో ఉంది.

వేదవతి


తార్నాక,
20 సెప్టెంబరు 1968

చి. వేదవతికి,

నీ ఉత్తరం స్టూడియోలో పెద్దగా చదివాను. ఇంటాయన రాజలింగం గారు సాంతం విని, "పురుగుకు పేరు పెట్టనీకి కలకత్తా దాక పోవాల్నా? గీడ తార్నాకల ఎవ్వలు లేరా?" అన్నాడు. అయినా మెట్టుగూడ దాకా అందరికీ చెప్పి వచ్చింది ఆయనే.

మీ వదినకు మాత్రం నచ్చలేదు. "నన్ను పురుగని పుస్తకాల్లో రాస్తుందా మీ చెల్లెలు? నేనేం చేసినాను ఆ పిల్లకు?" అని ఆ పూట అన్నం తినలేదు. అది గౌరవమని ఎంత చెప్పినా వినదు. నువ్వే ఏదో సర్దిచెప్పు.

కోరినట్టే ఇంకో ఫోటో పంపుతున్నాను. పాడయినవి అనుకున్న వాటిలో ఒకటి బయటికి తీసి తయారు చేశాను. మొదటి వాటితో పక్కన పెట్టి చూసుకున్నాను, తేడా ఉండదు. కొత్తగా తీద్దామంటే గూట్లో పిల్లలు గదులు తొలుచుకుని ఎగిరిపోయాయి. తల్లి కూడా రావడం లేదు. ఒక్క గది మాత్రం మూసినది మూసినట్టే ఉంది.

వచ్చే నెల మీ వదినను పురిటికి జమ్మలమడుగు పంపుతున్నాము. వాళ్లమ్మ చెన్నమ్మ గారు వచ్చి తీసుకుపోతుంది. ఆమె తిరిగి వచ్చేదాకా గూటికి కాపలా నేనే.

ఓబులేసు


కలకత్తా,
6 నవంబరు 1968

అన్నయ్యకు,

నేను అడిగేదానికి ఒక్క అబద్ధం లేకుండా జవాబు రాయి.

నేను ఇక్కడికి వచ్చేటప్పుడు నువ్వు ఇచ్చిన వదిన ఫోటో నా బల్ల మీద ఉంటుంది. నిన్న నా గదిలో ఉండే అమ్మాయి ఆ ఫోటో చూసి మా వదిన ఎట్లా ఉంటుందని అడిగింది. చామనఛాయ, పెద్ద కళ్లు, గడ్డం మీద పుట్టుమచ్చ అని చెప్పాను. సూదిలో దారం ఎక్కించడానికి కొస తడుపుతుందే, అప్పుడు ఆ మచ్చ కదులుతుందని కూడా చెప్పాను. "మచ్చ ఏది?" అంది ఆ అమ్మాయి. చూస్తే లేదు. ఇన్ని నెలలుగా రోజూ చూస్తున్న ఫోటోలో మా వదిన మచ్చ లేదు.

పొద్దున్నే ఆఫీసుకు పోయి నీ కందిరీగ ఫోటోలు తీసి, ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూశాను. నడుము దాటిన చోట, చుక్కలు ఉండవలసిన సరిగ్గా ఆ చోట, ఇంకు మెరుస్తోంది. బ్రష్షు ఆనవాలు.

అన్నా, ఆ కందిరీగకు చుక్కలున్నాయా, లేవా? నా వ్యాసం ప్రెస్సుకు పోయింది.

వేదవతి


తార్నాక,
16 నవంబరు 1968

వేదవతికి,

దొంగను అడిగినట్టు అడిగావు. సరే, చెబుతాను.

ప్రింటులో వీపు మీద రెండు తెల్లచుక్కలు పడ్డాయి. నెగటివు మీద దుమ్ము వాలితే సరిగ్గా అట్లాగే పడతాయి. ఈ పనిలోకి దిగిన నాటి నుంచి రోజూ అలాంటివి ఎన్నో పూడుస్తున్నాను. వాటినీ పూడ్చాను. నడుము తెగినట్టు కనిపించింది, గీత పడిందేమో అనుకుని పెన్సిలుతో కలిపాను. ఒక మీసం సరిగ్గా రాలేదు, రెండోదాన్ని చూసి గీశాను. మూడో ఫోటోలోనూ చుక్కలు కనిపించాయి. కెమెరాలోనే దుమ్ము ఉందనుకుని తిత్తి అంతా దులిపాను. ఇంతే నేను చేసిన నేరం.

ఉన్నది ఉన్నట్టు తీయమన్నావు. తీశాను. తీయడం వేరు, తయారు చేయడం వేరు. మొటిమలతో, మశూచి మచ్చలతో ఉన్న ఫోటో ఇస్తే ఏ గిరాకీ అయినా ఇంటికి తీసుకుపోతాడా? నీ హాల్‌టికెట్టు ఫోటోలో నీ నుదుటి మీది గాటు ఎవరు తీశారనుకున్నావు? అప్పుడు బాగుందన్నావు. చుక్కలు చూడాలని ఒక్క మాట రాసి ఉంటే నేను వాటిని కళ్లకద్దుకునేవాణ్ణి. నువ్వు చెప్పనన్నావు. ఏం కావాలో చెప్పకుండా పని చేయించుకుని ఇప్పుడు నన్ను అంటున్నావు.

మీ వదిన మచ్చ సంగతి నువ్వు ఎత్తకుండా ఉండవలసింది.

నాకూ బాధగానే ఉంది. అందుకే అడిక్‌మెట్‌లో కుర్రాళ్ల లాడ్జికి పోయి, వాళ్ల గదుల్లో తిరిగే కందిరీగనొకదాన్ని పట్టించి ఈ కవర్లోనే పెడుతున్నాను. ఇది దిద్దలేదు.

ఓబులేసు


కలకత్తా,
25 నవంబరు 1968

అన్నయ్యకు,

నీ కందిరీగ మీద పోస్టాఫీసు ముద్ర పడింది. కవరు విప్పితే కాగితానికి అంటుకున్న పసుపు మరక కనిపించింది. అది తాటి కందిరీగో, తేనెటీగో కూడా చెప్పలేను.

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. సన్యాల్ గారి గదిలో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "అంటే మనం ఇన్నాళ్లూ గుర్తుపట్టింది కందిరీగను కాదు, ఫోటోగ్రాఫరును" అన్నారు. పక్క గదిలో నవ్వు వినిపించింది. అయినా ఆయన మంచివాడు. డిసెంబరు నెలాఖరులోగా అసలు కందిరీగ చేతికి వస్తే, బులెటిన్ అచ్చు అంతదాకా ఆపి నాకు జాగా ఉంచుతానన్నారు. ఇదే ఆఖరని కూడా అన్నారు.

అన్నా, ఆ మూసి ఉన్న గదిలో బయటికి రాలేక చచ్చిపోయిన కందిరీగ ఉంటుంది. ఎండిపోయి, చెక్కుచెదరకుండా ఉంటుంది. వదిన ఊళ్లో లేదు. స్టూలు వేసుకుని, చాకుతో ఆ గది ఒక్కటి ఊడదీసి పంపు. ఎవరికీ తెలియదు. ఆ మట్టిముద్దకూ ఆమె కడుపుకూ ఏం సంబంధం? ఇంకా ఎన్నాళ్లు నేను లింగమ్మ గారి మాటలకు, నీ బ్రష్షుకు, వదిన పట్టుదలకు తలొంచాలి? చదువుకుని, ఇంత దూరం వచ్చి, ఒక్క పురుగును సంపాదించుకోలేకపోతున్నాను. నాకు మీ అందరి మీదా కోపంగా ఉంది. ఆ మాట రాయకుండా ఉండలేను.

వేదవతి


తార్నాక,
5 డిసెంబరు 1968

వేదవతికి,

స్టూలు వేశాను. చాకు కూడా తీసుకున్నాను. ఆమె మిషను మీద సగం కుట్టిన చిన్న చొక్కా ఉంది. దిగిపోయాను.

నాకు చేతకాలేదు, అట్లాగని నీకు లేదని చెప్పడమూ చేతకాలేదు. అందుకని నీ ఉత్తరాలన్నీ కట్టగట్టి జమ్మలమడుగుకు మీ వదినకు పంపాను. అది తప్పో ఒప్పో నాకు తెలియదు. తిట్టాలనుకుంటే తిట్టు.

ఓబులేసు


జమ్మలమడుగు,
12 డిసెంబరు 1968

చి. వేదవతికి వదిన అన్నపూర్ణ ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరాలు చదివినాను. మా అమ్మకు చూపలేదు. అయిదు నెలలుగా మీ అన్నాచెల్లెళ్లు నా గూటి గురించి రాసుకుంటున్నారు. ఇన్ని ఉత్తరాల్లో నన్ను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. నీ పక్కలో పడుకుని, నీకు జడవేసి, పరీక్షల్లో నీకు కాఫీ పెట్టిచ్చిన మనిషిని. నాకు చదవడం రాదా, రాయడం రాదా?

ఆ మట్టికీ నా కడుపుకూ సంబంధం లేదని నాకు తెలుసు. లింగమ్మ గారి మాట విని ఆడినదాన్ని కాదు. నాకు ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. నువ్వు ఒకసారి హాస్టల్లో ఉన్నావు, ఇంకోసారి నీకు చెప్పలేదు. ఈసారి రోజూ భయంతో మిషను ముందు కూర్చునేదాన్ని. ఎదురుగా అది మట్టి తెచ్చి, గది కట్టి, మూసి పోయేది. తరువాత ఒక్కొక్క పిల్లే గది తొలుచుకుని వచ్చి, రెక్కలార్చుకుని ఎగిరిపోయేది. అది చూసిన పూట నాకు అన్నం సయించేది. ఒక్క గది మాత్రం తెరుచుకోలేదు. నేను బండి ఎక్కేదాకా చూసినాను.

అందులో ఏముందో నువ్వు తెలుసుకోవాలి. నేను కనేదాకా తెలుసుకోకూడదు. ఇదీ నా బాధ. దీనికి సైన్సులో ఏమంటారో నాకు తెలియదు.

నీ ఉద్యోగం పోవాలని నాకు లేదమ్మా. నీకు అంత అవసరమైతే తీయమని మీ అన్నకు నేనే రాస్తాను. అయితే నువ్వు నాకు చెప్పాలి, నాకు. నెలలోపల కనేస్తాను.

ఇంకొక మాట. నా ఫోటోలో మచ్చ లేదని నీ ఉత్తరంలోనే తెలిసింది. నేను ఎప్పుడూ ఫోటోలో చీరే చూసుకునేదాన్ని. మీ అన్నకు నా మొహంలో అది మరకగా కనబడిందని ఇన్నేళ్లూ నాకు తెలియదు.

అన్నపూర్ణ


తంతి
18 డిసెంబరు 1968

అన్నపూర్ణ, జమ్మలమడుగు. గూడు ముట్టుకోవద్దు. నీ కాన్పు అయ్యేదాకా ఆగుతాను. వేదవతి.


తార్నాక,
9 ఫిబ్రవరి 1969

చి. వేదవతికి,

పాప పుట్టిన కబురు తంతిలో అందే ఉంటుంది. తల్లీ పిల్లా బాగున్నారు. నేను జమ్మలమడుగు పోయి చూసి వచ్చాను. ఇక్కడ ప్రత్యేక తెలంగాణ గొడవలతో కాలేజీలు మూశారు, ఆర్ట్స్ కాలేజీ ముందు పోలీసులు తప్ప ఎవరూ లేరు. స్టూడియోలో కోటు గోడకే ఉంది. మేము సీమ నుంచి వచ్చినవాళ్లమైనా మా మీద ఎవరూ చెయ్యెత్తలేదు. రాజలింగం గారు రోజూ సాయంత్రం వచ్చి నా గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు.

పాపను ఎత్తుకోగానే మీ వదిన నాతో అన్న మొదటి మాట, "ఆ పిల్లకు గూడు పంపించు" అని. ఆ తరువాత వారం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. మచ్చ సంగతి. అది మరక కాదని, చేయి అలవాటున పోయిందని చెప్పాను. "మీ చేతికి నేను ఎవరో తెలియదా" అంది.

గూడు మొత్తం ఊడదీసి, దూదిలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి రిజిస్టరు చేశాను. గది నేను తెరవలేదు. దాంతోపాటు తల్లీపిల్లల ఫోటో పెడుతున్నాను. ప్రింటు తీశాక అలవాటున బ్రష్షు తడిపాను. మళ్లీ కడిగి పెట్టేశాను. పాప ముక్కు మీద తెల్లచుక్కలు కనిపిస్తున్నాయి. అవి దుమ్మో, పుట్టిన పిల్లలకు ఉండేవో నాకు తెలియదు. ఉన్నవి ఉన్నట్టే పంపుతున్నాను. నువ్వే చూసి చెప్పు.

నీ బులెటిన్ సంగతి అడగడానికి నాకు మొహం లేదు.

ఓబులేసు


కలకత్తా,
22 ఫిబ్రవరి 1969

వదినకు వేదవతి నమస్కారాలు.

నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. ఇన్నేళ్లలో ఇదే మొదటిదంటే సిగ్గుగా ఉంది. అన్నయ్య ఉత్తరాల్లో నిన్ను తలిచి, నీకు రాసినట్టే అనుకున్నాను.

డబ్బా క్షేమంగా చేరింది. మూసి ఉన్న గదిని సన్యాల్ గారే సన్నటి సూదితో తెరిచారు. లోపల కందిరీగ ఉంది. రెక్కలు మడుచుకుని, కాళ్లు దగ్గరికి తీసుకుని, బయలుదేరడానికి సిద్ధమై ఆగిపోయినట్టు ఉంది. నడుము దారమంత సన్నం. వీపు మీద రెండు పసుపు చుక్కలున్నాయి. నేను పోయిన సెప్టెంబరులో లాగి చూసిన సొరుగులో ఉన్నవాటికి ఇది అచ్చంగా తోబుట్టువు. కొత్త జాతి కాదు, అరుదైనదీ కాదు. దానికి పేరు మన తాతలు పుట్టకముందే ఎవరో పెట్టేశారు. అంటే ఇంత గొడవా, ఇంత ఏడుపూ, సొరుగులో ఉన్నదాన్ని సొరుగులో పెట్టడానికే జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డిసెంబరు బులెటిన్ నేను లేకుండానే వచ్చింది. నా ఉద్యోగంలోకి వేరే అమ్మాయిని తీసుకున్నారు. తెలివైన పిల్లే, సీతాకోకచిలుకల పని చేస్తుంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. సన్యాల్ గారు కాగితం మీద రెండు మంచి వాక్యాలు రాసిచ్చారు. మార్చి నెలాఖరుకు తార్నాక వస్తున్నాను. కాలేజీలు తెరిచాక ఎక్కడైనా డెమాన్‌స్ట్రేటరు పని అడుగుతాను. ముందు గదిలో నా మంచం ఇంకా ఉందనుకుంటాను. లేకపోతే నీ మిషను కింద పడుకుంటాను.

గది తెరిచాక నీ సంగతే తలపుకొచ్చింది. చాకుతో తీయించి ఉంటే నాకు ఉద్యోగం ఉండేది, నీకు నిద్ర ఉండేది కాదు. నేను ఆగినందుకు నన్ను మెచ్చుకోకు. నువ్వు అడిగావు కాబట్టి ఆగాను. నేను కూడా ముందే అడిగి ఉంటే బాగుండేది.

ఇక్కడ సూదికి గుచ్చిన ప్రతి పురుగు కిందా ఒక చీటీ ఉంటుంది. ఊరు, చోటు, ఎవరి వల్ల దొరికింది. జాతికి నీ పేరు పెట్టలేకపోయాను, నువ్వూ వద్దన్నావు. చీటీ మాత్రం నేనే రాశాను. తార్నాక, హైదరాబాదు. ఇంటి కిటికీ. సేకరణ: అన్నపూర్ణ. సన్యాల్ గారు చూసి, ఈవిడ ఏ డిపార్టుమెంటు అని అడిగారు. మా వదిన అని చెప్పాను. సొరుగు మూశారు. నేను వెళ్లిపోయినా అది ఇక్కడే ఉంటుంది.

అన్నయ్యకు చెప్పు, పాప ముక్కు మీద ఉన్నది దుమ్ము కాదు. కొన్ని వారాల్లో అవే పోతాయి. ఆయన తీయనక్కరలేదు.

ఫోటో అట్టల మధ్య నుంచి బయటికి తీయగానే ముందు నీ గడ్డం చూశాను వదినా. మచ్చ ఉంది. పాపను ఆ తరువాత చూశాను, ఏమీ అనుకోకు.

నీ
వేదవతి